వర్డ్ ప్రాసెసర్ పత్రాల్లో బొమ్మల అమరిక

ఫొటో, పటం, గ్రాఫు, సంస్థ ముద్ర, స్కాన్ చేసిన సంతకం వంటివి పత్రంలో ఏ పేజీలో రావాలి, ఆ పేజీలో ఎక్కడ నిలవాలి, చుట్టూ ఉన్న వాక్యాలు వాటికి దారి ఇవ్వాలా లేక మీదుగా సాగాలా, రాత పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ అవి కదలాలా వద్దా అన్న విషయాలను అదుపు చేసే పద్ధతులే బొమ్మల అమరిక. మైక్రోసాఫ్ట్ వర్డ్, లిబ్రేఆఫీస్ రైటర్, గూగుల్ డాక్స్, యాపిల్ పేజెస్ వంటి ప్రోగ్రాములన్నిటిలోనూ ఈ ఏర్పాట్లు ఉన్నాయి. పేర్లు, మెనూలు వేరైనా లోపల నడిచే సూత్రాలు దాదాపు ఒకటే.

వర్డ్ ప్రాసెసర్ వాడేవాళ్లను ఎక్కువగా విసిగించే పని ఇదే. రాత్రంతా కూర్చుని సరిచేసిన ప్రాజెక్టు రిపోర్టులో పొద్దున ఒక వాక్యం చేర్చగానే బొమ్మలన్నీ చెల్లాచెదురవుతాయి. దీనికి కారణం ప్రోగ్రాములో లోపం అనుకుంటారు గానీ, అసలు కారణం వర్డ్ ప్రాసెసర్ స్వభావంలోనే ఉంది. పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ వంటి పేజీ తయారీ ప్రోగ్రాముల్లో ముందు పేజీ ఉంటుంది. దాని మీద రాతనూ బొమ్మలనూ పెట్టెల్లో పెడతాం. వర్డ్ ప్రాసెసర్‌లో ముందు ఉండేది రాత. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అది ఒకే ప్రవాహం. కాగితం కొలత, మార్జిన్లు, ఫాంటు, వరసల మధ్య దూరం చూసుకుని ప్రోగ్రాము ఆ ప్రవాహాన్ని ఎప్పటికప్పుడు పేజీలుగా కోస్తుంది. ఈ క్షణంలో 7వ పేజీ అనుకున్నది మరుక్షణంలో 8వ పేజీ కావచ్చు. అందుకే ఇక్కడ బొమ్మను పేజీ మీద కాక రాతలోని ఒకచోటుకు కట్టాల్సి వస్తుంది. బొమ్మ ఎక్కడ ఉండాలో చెప్పేముందు అది దేనికి చెందుతుందో చెప్పాలి. అమరికలో ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ మొదటి ప్రశ్నను వదిలేసి, కనిపించిన చోటుకు మౌస్‌తో లాగడం వల్ల పుట్టేవే.

బ్లాకుల నుంచి తెర మీదికి

లోహపు అక్షరాలతో అచ్చువేసిన కాలంలో బొమ్మ అంటే చెక్క దిమ్మ మీద బిగించిన జింకు బ్లాకు. దాని ఎత్తు టైపు ఎత్తుకు సరిగ్గా సమానంగా ఉండాలి. కంపోజిటరు బ్లాకును చట్రంలో పెట్టి, మిగిలిన చోటులో అక్షరాలు పేర్చేవాడు. నాలుగు వరసలు పెరిగితే ఆ పేజీని విప్పి మళ్లీ పేర్చాలి. పని కష్టమైనదే గానీ, ఏ బొమ్మ ఏ పేజీదో మనిషే తేల్చేవాడు.

రాతను, బొమ్మను ఒకే తెర మీద కలిపి చూపే ప్రయత్నాలు అమెరికాలో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనా కేంద్రంలో బలపడ్డాయి. అక్కడ 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోన్యీ తదితరులు రూపొందించిన బ్రేవో, అచ్చులో ఎలా వస్తుందో తెర మీద అలాగే చూపిన తొలి రాత ప్రోగ్రాము. 1981లో జిరాక్స్ అమ్మకానికి తెచ్చిన స్టార్ యంత్రంలో రాత, గీతలు ఒకే పత్రంలో కలిశాయి. 1984లో యాపిల్ మెకింటాష్‌తో వచ్చిన మాక్‌రైట్ అనే రాత ప్రోగ్రాములోకి, మాక్‌పెయింట్‌లో గీసిన బొమ్మను తెచ్చి అతికించగలిగేవాళ్లు. కానీ అది ఒక పేరాలాగా తనకంటూ అడ్డంగా చోటు తీసుకునేది. పక్కన అక్షరాలు నడిచేవి కావు.

ఈ కథలో ఎక్కువ గుర్తింపు దక్కాల్సింది 1988 నాటి వర్డ్‌పర్‌ఫెక్ట్ 5.0కు. డాస్ మీద, తెర మీద బొమ్మ సరిగా కనిపించని రోజుల్లోనే అది బొమ్మల పెట్టెలను మూడు రకాలు చేసింది: పేరాకు చెందినది, పేజీకి చెందినది, అక్షరంలా వరసలో కూర్చునేది. ఈనాటి ప్రోగ్రాములన్నీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయి.

మైక్రోసాఫ్ట్ వర్డ్ 1983లో వచ్చింది, విండోస్ రూపం 1989లో. 1990ల తొలి సంచికల్లో బొమ్మ పక్కన రాత నడిపించాలంటే దాన్ని ఫ్రేమ్‌లో పెట్టాలి. వర్డ్ 97 బొమ్మలను రాతకు పైన తేలే వేరే పొరలోకి తెచ్చింది. స్వేచ్ఛ పెరిగింది, గందరగోళమూ పెరిగింది; చొప్పించిన ఫొటో తేలుతుందని తెలియనివాళ్లు అది ఎందుకు పారిపోతుందో అర్థం కాక అవస్థ పడ్డారు. తర్వాతి సంచికల్లో కొత్త ఫొటో మొదట వరసలోనే కూర్చునేలా మార్చారు. 2013 సంచికలో బొమ్మను నొక్కగానే పక్కన లేఅవుట్ ఆప్షన్స్ బొత్తాం కనిపించడం, లాగుతున్నప్పుడు మార్జిన్లతో కలిసే ఆకుపచ్చ గీతలు రావడం మొదలైంది.

తెలుగు ప్రచురణ ఈ కాలమంతా ఎక్కువగా వేరే దారిలో నడిచింది. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, ‘అను’ అనే తెలుగు ఫాంట్లు రాజ్యమేలాయి. బొమ్మను పేజీ మీద చేత్తో పెట్టడం అలవాటైన ఆపరేటర్లు యూనికోడ్ తెలుగుతో వర్డ్‌కు మారినప్పుడు ఆ అలవాటునే వెంట తెచ్చుకున్నారు. అక్కడ సరిగా పనిచేసిన పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేయదన్న దానికి జవాబు పైన చెప్పిన తేడాలో ఉంది.

అక్షరంలా కూర్చునే బొమ్మ

వర్డ్‌లో ఇన్ లైన్ విత్ టెక్స్ట్, రైటర్‌లో యాజ్ క్యారెక్టర్ అనే ఏర్పాటులో బొమ్మ ఒక పెద్ద అక్షరంతో సమానం. ముందున్న మాట కదిలితే అదీ కదులుతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే పోతుంది. పేరాను మధ్యకు అమరిస్తే బొమ్మ మధ్యకు వస్తుంది. బొమ్మ కోసం వేరే నియమాలు నేర్చుకోనక్కరలేదు. పేరా నియమాలే దానికీ వర్తిస్తాయి. సిద్ధాంత వ్యాసం, ప్రాజెక్టు రిపోర్టు, కోర్టుకు ఇచ్చే పత్రం వంటి పదే పదే దిద్దే వాటికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు.

అయితే తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడే ఒక చిక్కు పొంచి ఉంటుంది. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఫాంటులు నిలువునా ఎక్కువ చోటు తీసుకుంటాయి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటులో వరసల మధ్య ఎడం మరీ ఎక్కువ. ఒకే పేరాలో తెలుగు, ఇంగ్లీషు ఫాంటులు కలిస్తే వరసల ఎడం ఎక్కువతక్కువలుగా వస్తుంది. దాన్ని సమం చేయడానికి చాలామంది లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్‌లీ ఎంచుకుని 20 పాయింట్లో 22 పాయింట్లో పెడతారు. రాత చక్కబడుతుంది. కానీ ఆ పేరాలో ఫొటో పెడితే 22 పాయింట్ల ఎత్తున సన్నని పట్టీ మాత్రమే కనిపిస్తుంది. మిగతా బొమ్మంతా పై వరసల వెనక దాగిపోతుంది. ఫొటో పాడైందని, ఫైలు చెడిందని కంగారుపడి మళ్లీ మళ్లీ చొప్పిస్తారు. ఆ పేరా లైన్ స్పేసింగ్‌ను సింగిల్‌కు మారిస్తే బొమ్మ మొత్తం బయటపడుతుంది. బొమ్మల కోసమే ఒక పేరా స్టైల్ తయారుచేసుకుని, అందులో సింగిల్ స్పేసింగ్, మధ్య అమరిక పెట్టుకుంటే ఈ బెడద పత్రమంతటా తీరిపోతుంది.

అదే స్టైల్‌లో కీప్ విత్ నెక్స్ట్ గుర్తు కూడా పెట్టాలి. అప్పుడు బొమ్మ ఉన్న పేరా, దాని కింద శీర్షిక ఉన్న పేరా విడిపోకుండా ఒకే పేజీలో ఉంటాయి. బొమ్మ ఒక పేజీ అడుగున, దాని పేరు తర్వాతి పేజీ నెత్తిన కనిపించే అనాథ శీర్షికలకు ఇదొక్కటే సరైన మందు. ఖాళీ ఎంటర్లు కొట్టి నెట్టడం ఆ రోజుకు పనిచేస్తుంది, మర్నాడు పత్రం దిద్దగానే చెడిపోతుంది.

వరసలో కూర్చున్న బొమ్మకు ఉన్న అసలు లోపం వేరు. రామప్ప గుడి శిల్పాల మీద వ్యాసం రాస్తున్నాం అనుకుందాం. ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు, పైనా కిందా 2.54 సెంటీమీటర్ల మార్జిన్లు తీస్తే రాతకు మిగిలేది 24.62 సెంటీమీటర్లు. 16 సెంటీమీటర్ల దాకా రాత వచ్చాక 10 సెంటీమీటర్ల ఎత్తున్న మదనిక శిల్పపు ఫొటో పెట్టాం. మిగిలిన చోటు 8.62 సెంటీమీటర్లే కాబట్టి ఫొటో తర్వాతి పేజీకి వెళుతుంది. వెనక పేజీలో మూడోవంతుకు పైగా తెల్లగా ఉండిపోతుంది. ఫొటో తర్వాత ఉన్న పేరా పైకి వచ్చి ఆ ఖాళీని నింపదు, ఎందుకంటే ప్రవాహంలో ఫొటో దానికంటే ముందుంది. ఇలాంటి తెల్లటి గుంటలు వద్దనుకుంటే తేలే బొమ్మ దగ్గరికి వెళ్లక తప్పదు.

తేలే బొమ్మ, దాని యాంకర్

వర్డ్‌లో ఇన్ లైన్ కాక మరే ఏర్పాటు ఎంచుకున్నా బొమ్మ ప్రవాహం నుంచి బయటికి వచ్చి తేలుతుంది. అయినా పూర్తిగా విడిపోదు. ఏదో ఒక పేరాకు యాంకర్ పడే ఉంటుంది. బొమ్మను ఎంచుకున్నప్పుడు ఎడమ మార్జిన్ దగ్గర చిన్న లంగరు గుర్తు కనిపిస్తుంది. కనిపించకపోతే ఆప్షన్స్‌లో డిస్‌ప్లే విభాగానికి వెళ్లి ఆబ్జెక్ట్ యాంకర్స్ అన్నచోట టిక్కు పెట్టుకోవాలి. తేలే బొమ్మలతో పనిచేసేవాళ్లు ఈ గుర్తును చూడకుండా ఒక్క అడుగూ వేయకూడదని గట్టిగా చెప్పాల్సి ఉంది.

యాంకర్‌కు ఉన్న ముఖ్యమైన నియమం ఒకటే: యాంకర్ ఏ పేజీలో ఉంటే బొమ్మా ఆ పేజీలోనే ఉంటుంది. యాంకర్ ఉన్న పేరా తర్వాతి పేజీకి జరిగితే బొమ్మ కూడా ఆ పేజీకి వెళుతుంది. ఆ పేరాను చివరి పేరా గుర్తుతో సహా చెరిపేస్తే బొమ్మ కూడా పోతుంది. ఫొటో మాయమైందని వాపోయే చాలా సందర్భాల్లో జరిగేది ఇదే. బొమ్మను మౌస్‌తో లాగితే యాంకర్ కూడా దగ్గరలోని మరో పేరాకు మారిపోతుంది, మనకు తెలియకుండానే. అలా మారకూడదంటే లేఅవుట్ పెట్టెలో లాక్ యాంకర్ టిక్కు పెట్టాలి. ఈ లాక్‌ను చాలామంది బొమ్మనే పేజీ మీద బిగించే తాళం అనుకుంటారు. అది బిగించేది యాంకర్‌ను పేరాకు మాత్రమే. పేరా కదిలితే బొమ్మ ఎప్పటిలాగే కదులుతుంది.

మూవ్ ఆబ్జెక్ట్ విత్ టెక్స్ట్ అనే మరో టిక్కు కూడా ఇలాగే అపార్థానికి గురవుతుంది. అది పెడితే నిలువు దూరాన్ని పేరా నుంచి కొలుస్తారు, తీసేస్తే పేజీ నుంచి కొలుస్తారు. పేజీ పై అంచు నుంచి 5 సెంటీమీటర్ల కింద అని పెట్టిన బొమ్మ, పైన నాలుగు వరసలు చేరినా అక్కడే ఉంటుంది. కానీ యాంకర్ ఉన్న పేరా 7వ పేజీ నుంచి 8వ పేజీకి జారితే, బొమ్మ 8వ పేజీలో అదే 5 సెంటీమీటర్ల దగ్గర ప్రత్యక్షమవుతుంది. ఫిక్స్ పొజిషన్ ఆన్ పేజ్ అనే మాటకు అర్థం ఇంతే. 7వ పేజీలోనే ఉండాలి అని వర్డ్‌కు చెప్పే మార్గం లేదు.

అడ్డంగా, నిలువుగా కొలతలను మార్జిన్ నుంచి, పేజీ నుంచి, కాలమ్ నుంచి, అక్షరం లేదా వరస నుంచి కూడా తీసుకోవచ్చు. పుస్తకాల కోసం లోపలి అంచు, బయటి అంచు అనే ఏర్పాటు ఉంది. బయటి అంచు ఎంచుకుంటే సరి పేజీలో ఎడమకు, బేసి పేజీలో కుడికి బొమ్మ తనంతట తాను మారుతుంది. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చూసే టిక్కు, పట్టికలోని గడిలో బొమ్మ ఆ గడి నుంచే కొలత తీసుకునేలా చేసే టిక్కు కూడా ఇదే పెట్టెలో ఉన్నాయి.

రామప్ప వ్యాసానికి తిరిగి వద్దాం. మదనిక ప్రస్తావన వచ్చిన పేరాకు ఫొటోను యాంకర్ చేసి, చుట్టూ రాతను టాప్ అండ్ బాటమ్‌గా (పక్కన రాత లేకుండా) పెట్టి, నిలువు అమరికను మార్జిన్‌తో పోల్చి టాప్ అని ఎంచుకుంటే ఫొటో ఆ పేజీ నెత్తిన నిలుస్తుంది. రాత కింద నిండుగా నడుస్తుంది. ఎక్కడా గుంట ఉండదు. పేరా తర్వాతి పేజీకి వెళితే ఫొటో ఆ పేజీ నెత్తికి వెళుతుంది. పెద్ద పత్రాల్లో తేలే బొమ్మలకు ఇంతకంటే నిలకడైన అమరిక కనిపించదు.

దీనికీ ఒక మెలిక ఉంది. ఆ పేరా పేజీ అడుగున ఉందనుకోండి. ఫొటో నెత్తికి రాగానే 10 సెంటీమీటర్ల రాత కిందికి జరుగుతుంది, యాంకర్ ఉన్న పేరా తర్వాతి పేజీలో పడుతుంది. పేరా వెళ్లింది కాబట్టి ఫొటో కూడా వెళ్లాలి. ఫొటో వెళ్లగానే ఈ పేజీ ఖాళీ అయి పేరా వెనక్కి రావాలి. వస్తే ఫొటో మళ్లీ రావాలి. ఈ చక్రాన్ని ప్రోగ్రాము ఎక్కడో ఒకచోట తెంచక తప్పదు, తెంచిన చోటు మనకు నచ్చకపోవచ్చు. బొమ్మ ఎందుకు ఎగురుతుందో అంతుపట్టనప్పుడు ముందుగా అనుమానించాల్సింది దీన్నే. యాంకర్‌ను పట్టుకుని అదే పేజీలో పైన ఉన్న పేరాకో, లేదంటే తర్వాతి పేజీలోని పేరాకో మారిస్తే చక్రం ఆగుతుంది.

చుట్టూ నడిచే రాత

బొమ్మ పక్కన రాత ఎలా నడవాలో చెప్పే ఏర్పాట్లు వర్డ్‌లో ఆరు. స్క్వేర్‌లో రాత బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రంగా తిరుగుతుంది. టైట్, త్రూ అనేవి బొమ్మ అంచు వంపులను అనుసరిస్తాయి. ఆ అంచును బిందువులు లాగి మార్చుకోవచ్చు. టాప్ అండ్ బాటమ్‌లో పక్కన రాత ఉండదు. మిగిలిన రెండూ రాతకు వెనక, రాతకు ముందు. గీతలతో గీసిన ఆకారాలు వర్డ్‌లో మొదట రాతకు ముందే వస్తాయి కాబట్టి బాణం గుర్తులు, వృత్తాలు గీసేవాళ్లు చుట్టూ రాత ఏర్పాటును వెంటనే చూసుకోవాలి. రాతకు వెనక దాగి మౌస్‌కు చిక్కని బొమ్మను ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే వచ్చే సెలెక్షన్ పేన్‌లో పట్టుకోవచ్చు.

స్క్వేర్ ఏర్పాటు ఇంగ్లీషు పత్రాల్లో చూసి ముచ్చటపడి తెలుగులో వాడితే ఫలితం తరచుగా నిరాశపరుస్తుంది. సంధులతో, సమాసాలతో, విభక్తులతో తెలుగు మాట పొడవవుతుంది. వర్డ్ ప్రాసెసర్ సాధారణంగా ఖాళీ ఉన్నచోటే వరసను విరుస్తుంది. బొమ్మ పక్కన 5 సెంటీమీటర్ల సన్నని కాలమ్ మిగిలితే అందులో వరసకు రెండు మూడు మాటలే పడతాయి. రెండు వైపులా సమంగా ఉండాలని జస్టిఫై చేస్తే మాటల మధ్య పెద్ద పెద్ద ఎడాలు తెరుచుకుంటాయి. తెలుగు పత్రికలు పాత కాలం నుంచీ మాటను ఏ అక్షరం దగ్గరైనా విరిచి, అడ్డగీత కూడా లేకుండా కింది వరసలో కొనసాగించాయి. సన్నని కాలమ్‌లో తెలుగు నిలబడింది ఆ సౌకర్యం వల్లే. లిబ్రేఆఫీస్‌కు తెలుగు హైఫనేషన్ నిఘంటువు ఉంది, దాన్ని వాడుకుంటే కొంత మెరుగు. లేనిచోట బొమ్మ పక్కన కనీసం సగం పేజీ వెడల్పు రాతకు మిగలాలి, ఎడమ అమరిక చాలు, జస్టిఫై వద్దు. అంత చోటు లేకపోతే టాప్ అండ్ బాటమ్ మేలు. వర్డ్ కూడా పక్కన సుమారు అంగుళం కంటే తక్కువ చోటు మిగిలితే అక్కడ రాత నడపదు.

ఇతర ప్రోగ్రాముల్లో

లిబ్రేఆఫీస్ రైటర్ 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి ఎదిగింది. అమరిక విషయంలో ఇది వర్డ్ కంటే సూటిగా మాట్లాడుతుందని చెప్పవచ్చు. బొమ్మ దేనికి చెందుతుందన్న ప్రశ్నను మొదటే అడుగుతుంది: పేజీకా, పేరాకా, అక్షరానికా, లేక తానే అక్షరమా. చుట్టూ రాత ఎలా నడవాలన్నది వేరే ప్రశ్న. వర్డ్ ఈ రెండింటినీ ఒకే జాబితాలో కలిపేయడం వల్ల కొత్తవాళ్లు తికమకపడతారు. వర్డ్‌లో లేని పేజీ యాంకర్ రైటర్‌లో ఉంది. ముఖచిత్రం, ఒకే పేజీ కరపత్రం, పెళ్లి శుభలేఖ వంటి వాటికి అది హాయి. పెరిగే పత్రంలో మాత్రం ప్రమాదకరం. రాత ముందుకు జరిగిపోయినా బొమ్మ పాత పేజీలోనే ఉండిపోతుంది. రైటర్‌లో శీర్షిక చేర్చితే బొమ్మ, శీర్షిక రెండూ ఒకే ఫ్రేమ్‌లోకి చేరి కలిసి కదులుతాయి. ఈ మంచి ఏర్పాటును వర్డ్ వాడేవాళ్లు చేత్తో చేసుకోవాలి.

గూగుల్ డాక్స్‌లో, యాపిల్ పేజెస్‌లో ఇవే సూత్రాలు తక్కువ మీటలతో ఉన్నాయి. డాక్స్‌లో మూవ్ విత్ టెక్స్ట్, ఫిక్స్ పొజిషన్ ఆన్ పేజ్ అంటారు. పేజెస్‌లో స్టే ఆన్ పేజ్ అంటారు.

పట్టిక, హెడర్, కాన్వాస్

రెండు ఫొటోలు పక్కపక్కన, కింద వాటి పేర్లు రావాలంటే తేలే బొమ్మలతో కుస్తీ పట్టడం కంటే గీతలు కనిపించని పట్టిక మేలు. రెండు నిలువు వరసలు, రెండు అడ్డ వరసలు చాలు. పై గడుల్లో వరసలో కూర్చునే ఫొటోలు, కింది గడుల్లో పేర్లు. ఫొటోలు పెట్టకముందే ఆటోమేటిక్‌గా వెడల్పు మార్చుకునే టిక్కు తీసేయాలి, లేకపోతే పెద్ద ఫొటో పడగానే గడి సాగి పట్టిక పేజీ దాటుతుంది. అడ్డ వరస పేజీల మధ్య విరగకూడదని కూడా చెప్పాలి. బయోడేటాలో ఫొటో కుడివైపు మూలన నిలవాలన్నా ఇదే తేలిక పద్ధతి.

ప్రతి పేజీలో ఒకేచోట రావాల్సిన ముద్రను, వాటర్‌మార్క్‌ను హెడర్‌లో పెట్టాలి. హెడర్‌లోని పేరాకు యాంకర్ అయిన బొమ్మ పేజీలో ఎక్కడైనా నిలవగలదు, హెడర్ చోటుకే పరిమితం కానక్కరలేదు. వర్డ్ వాటర్‌మార్క్ చేసే పని కూడా ఇదే.

బాణాలు, పెట్టెలు, రాత ముక్కలు కలిపి గీసిన పటం విడివిడిగా ఉంటే దేని యాంకర్ దానిదే, ఏదో ఒకటి తప్పకుండా జారుతుంది. అన్నిటినీ ఎంచుకుని గ్రూప్ చేయాలి, లేదా ముందే డ్రాయింగ్ కాన్వాస్ తెరిచి అందులో గీయాలి. వరసలో కూర్చున్న ఫొటోను వర్డ్ గ్రూప్‌లో కలపనివ్వదు. ముందు దాన్ని తేలేలా మార్చాలి.

లేటెక్ దారి

గణితం, భౌతికశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిన లేటెక్ వర్డ్ ప్రాసెసర్ కాదు, అయినా ఈ సమస్యకు అది చూపిన పరిష్కారం తెలుసుకోదగ్గది. డొనాల్డ్ క్నూత్ 1970ల చివర్లో తయారుచేసిన టెక్ మీద, లెస్లీ లాంపోర్ట్ 1980ల్లో లేటెక్ కట్టాడు. అందులో రచయిత బొమ్మ స్థానం చెప్పడు, కోరిక మాత్రం చెబుతాడు: ఇక్కడ, పేజీ నెత్తిన, అడుగున, లేదా బొమ్మలకే కేటాయించిన పేజీలో. ఒక్కో దానికి ఒక్కో అక్షరం. ఆ తర్వాత యంత్రం తన లెక్కలతో చోటు వెతుకుతుంది. మామూలు వ్యాసపు అమరికలో పేజీ పైభాగంలో బొమ్మలు 70 శాతం దాకా, అడుగున 30 శాతం దాకా ఆక్రమించవచ్చు. పేజీలో కనీసం 20 శాతం రాత ఉండాలి. నెత్తిన రెండు, అడుగున ఒకటి, మొత్తం మూడు బొమ్మలకు మించకూడదు. పేజీలో మూడోవంతు ఎత్తున్న బొమ్మను అడుగునే కావాలని కోరితే అది 30 శాతం హద్దు దాటింది కాబట్టి వెనక్కి నెడుతుంది. అదే రకం బొమ్మల వరసక్రమం మారకూడదు కాబట్టి దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి, చివరికి అధ్యాయం చివర గుంపుగా ప్రత్యక్షమవుతాయి. లేటెక్ బొమ్మలను ఇష్టమొచ్చినట్టు విసిరేస్తుందని తిట్టుకునే విద్యార్థులు ఈ అంకెలు చూస్తే అందులో క్రమశిక్షణ తెలుస్తుంది. హద్దులను మార్చుకునే వీలు కూడా ఉంది.

ఈ దారి మనకు నేర్పేది రాసే పద్ధతి గురించి. బొమ్మ ఎక్కడ పడుతుందో ముందే తెలియదు కాబట్టి లేటెక్ రచయితలు పక్క బొమ్మలో, కింది చిత్రంలో అని రాయరు; అంకెతో చెబుతారు. మన పాఠ్యపుస్తకాల్లో పటం 4.2 అని రాసే ఆచారం కూడా అలాంటిదే. వర్డ్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్‌తో అంకె వేసి, క్రాస్ రిఫరెన్స్‌తో ఆ అంకెను వాక్యంలోకి తెచ్చుకుంటే, మధ్యలో కొత్త బొమ్మ చేరినా అంకెలన్నీ ఫీల్డులు తాజా చేయగానే సర్దుకుంటాయి.

ఫైలు లోపల

డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి జిప్ మూట. పొడిగింపు మార్చి విప్పితే మీడియా అనే ఫోల్డర్‌లో బొమ్మలన్నీ విడిగా దొరుకుతాయి. వర్డ్ ఫైలు నుంచి ఫొటోలు పోగొట్టుకోకుండా బయటికి తీయడానికి ఇది సులువైన మార్గం. పత్రపు అసలు ఫైలులో సాధారణంగా ప్రతి బొమ్మకూ ఇన్‌లైన్ లేదా యాంకర్ అనే రెండు గుర్తుల్లో ఒకటి ఉంటుంది. దూరాలను అంగుళానికి 9,14,400, సెంటీమీటరుకు 3,60,000 చొప్పున చాలా సూక్ష్మమైన కొలమానంలో రాస్తారు. అంగుళాన్నీ సెంటీమీటరునూ భిన్నాలు లేకుండా లెక్కించడానికే ఈ వింత సంఖ్యలు. తేలే బొమ్మకు, పక్క రాతకు మధ్య వర్డ్ మామూలుగా వదిలే ఎడం 1,14,300, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

డాక్‌ఎక్స్ వెనక ఉన్న ప్రమాణం 2006లో ఎక్మా, 2008లో ఐఎస్‌ఓ ఆమోదం పొందింది. రైటర్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ 2006లోనే ఐఎస్‌ఓ ప్రమాణమైంది. రెండింటిలో యాంకర్ల రకాలు సరిగ్గా సరిపోలవు. రైటర్‌లో పేజీకి కట్టిన బొమ్మను డాక్‌ఎక్స్‌గా దాచుకుంటే దాన్ని ఏదో ఒక పేరాకు ముడిపెట్టక తప్పదు. ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు వెళ్లిన తెలుగు పత్రంలో బొమ్మలు జరగడానికి ఇంకా పెద్ద కారణం ఫాంటు. పంపినవాళ్ల దగ్గరున్న తెలుగు ఫాంటు అందుకున్నవాళ్ల దగ్గర లేకపోతే మరోటి వచ్చి కూర్చుంటుంది, వరసల ఎత్తు మారుతుంది, పేజీలు వేరేచోట తెగుతాయి, యాంకర్లు వాటితోపాటే వెళతాయి. అను ఫాంటుల నుంచి యూనికోడ్‌కు మార్చిన ఫైళ్లలోనూ జరిగేది ఇదే. ఫాంటును ఫైలులోనే ఇమిడ్చి పంపడం, చదవడానికే అయితే పీడీఎఫ్ పంపడం దీనికి విరుగుడు.

కంటికి కనిపించని అమరిక

బొమ్మ అమరికలో ఎక్కువమంది పట్టించుకోని పక్షం చూపు లేని పాఠకులది. వాళ్లు ఎన్‌వీడీఏ వంటి ప్రోగ్రాములతో పత్రాన్ని వింటారు. వరసలో కూర్చున్న బొమ్మ వాక్యాల మధ్య తన వంతు వచ్చినప్పుడు వినిపిస్తుంది. తేలే బొమ్మ ఏ వరసలో వినిపిస్తుందో నమ్మకం లేదు, కొన్నిసార్లు వినిపించకుండానే పోతుంది. వర్డ్‌లోని యాక్సెసిబిలిటీ తనిఖీ అందుకే వరసలో లేని బొమ్మలను లోపంగా ఎత్తిచూపుతుంది. బొమ్మ మీద కుడి మీట నొక్కితే కనిపించే ఆల్ట్ టెక్స్ట్‌లో రాసిన మాటలే ఆ పాఠకుడికి బొమ్మ. ఫొటో అనో ఇమేజ్ 3 అనో అక్కడ వదిలేస్తే అతనికి ఏమీ అందదు. ప్రభుత్వ ఉత్తర్వులు, పాఠాలు, ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు బొమ్మలను వీలైనంతవరకు వరసలోనే ఉంచి, బొమ్మలో ఏముందో ఒకటి రెండు తెలుగు వాక్యాల్లో అక్కడ తప్పక రాయాలి.